బుడతకీచుల భాష - మన చదువు

“బుడతకీచు” అను మాటను నేటి పిల్లలు ఎరుగరు. బ్రౌను దొరవారు 1852లో ప్రకటించిన తెలుఁగు నిఘంటువున అది కలదు. పోర్చుగీసువాడని అర్థము. పోర్చుగీసు అను పేరు మనవారి నోళ్లలో నలిగి నలిగి బుడతకీచు అయినది. ఇంగిలీషువాడు, పరాసువాడు, వలందావాడు, బుడతకీచు - ఓడలెక్కి మన దేశమునకు వచ్చిన ఈ నలుగురిలో మొదట వచ్చినవాడు బుడతకీచే. కడపట పోయినవాడును అతడే. 1498లో వాస్కోడగామా మలబారు తీరమున దిగినాడు. 1961 డిసెంబరు 19వ తేదీన గోవాలో ఆ రాజ్యపు జెండా దిగినది. నాలుగువందల అరువదిమూడు ఏండ్లు! ఇంతకాలము మనతో ఉన్నవారి భాషను శ్రద్ధగా చదివిన తెలుగువారెందరని ఎవరైన అడిగినచో, వ్రేళ్లు మడచుట మొదలుపెట్టి ఆదిలోనే ఆగిపోవలసి వచ్చును.

ఈ విషయము మాకు ఊరకే తోచలేదు. నిడదవోలు నుండి ఒక విద్యార్థి మాకు జాబు వ్రాసినాడు. చరిత్ర ముఖ్యవిషయముగా డిగ్రీ ముగించినాడట. గోవా పోయి విశ్వవిద్యాలయమున పోర్చుగీసు భాష, సాహిత్యము చదువవలెనని కోరిక. తండ్రిగారు బియ్యపు మిల్లులో గుమాస్తా. “ఆ భాష మనకెందుకురా? రేపు కూడు పెట్టునా?” అని వారి ప్రశ్న. “నేను చెప్పినచో మా నాన్నగారు వినరు, రేడియోలో చెప్పినచో విందురు” అని ఆ చిరంజీవి వ్రాసినాడు. రేడియో మీద ఇంకను ఇంత గౌరవము మిగిలియున్నందుకు మేము సంతోషించితిమి. అయితే ఆ తండ్రిగారును ఈ పూట వినుచుందురను ఎరుకతోనే మాటాడుచున్నాము. కావున లేని లాభములను ఉన్నట్లు చెప్పబోము.

మొదట ఇంటిలోనికే చూతము. మేజాబల్ల, అలమార, బాల్చీ, తువాలు, బొత్తాము, ఇస్త్రీ, పీపా - ఇవి బుడతకీచుల మాటలు. మేజా వారి మెజ. బాల్చీ వారి బల్దె. తువాలు వారి తువాల్య. బొత్తాము వారి బొతాఁవు. ఇస్త్రీ అనునది సాగదీయుట అను అర్థముగల ఎస్తిరార్ అను క్రియనుండి వచ్చినదని పండితులు చెప్పుదురు. ఇల్లు కట్టు మేస్త్రీ వారి మెస్త్రి. గురువు, పనిలో ఆరితేరినవాడు అని అర్థము. బీరువాను మాత్రము ఈ మూటలో కట్టరాదు. అది పరాసువారి సొమ్ము, బహుశః యానాము దారిన వచ్చియుండును. ఇక వేలముపాట. పోర్చుగీసులో లెయిలాఁవు. మొదటి లకారము జారిపోయి తమిళమున ఏలము, మనకు వేలము అయినది. ఆ మాటను వారును అరబ్బులనుండి తెచ్చుకొన్నారు. ఊరి చెరువు చేపలకు పాట పాడునప్పుడు మనము మూడు ఖండములు తిరిగిన మాటను పలుకుచున్నామన్నమాట.

తాళపుచెవి సంగతి ఇంకను రుచికరము. తాళమునకు చెవి ఎక్కడిది? తమిళులు తాళపుచెవిని చావి అందురు; హిందీవారు చాబీ అందురు. రెండును పోర్చుగీసు షావి నుండి వచ్చినవే. పూర్వకాలమున వారు దానిని చావి అనియే పలికెడివారు. ఆ చావియే తెలుగు నోటబడి, మనకు తెలిసిన చెవిగా మారినదని మా ఊహ. కాదు, తాళమున దూరి తిరుగునది గనుక చెవితో పోల్చి మనవారే పెట్టుకొన్నారు అనువారును ఉండవచ్చును. ఈ తగవు తీర్చవలెనన్నచో పాత తెలుగు కాగితములును తెలిసియుండవలెను, పాత పోర్చుగీసు ఉచ్చారణయును తెలిసియుండవలెను. ఒక్కటి తెలిసినవాడు తీర్పరి కాజాలడు.

ఇట్టి మాటలనన్నిటిని ఒకచోట కూర్చిన మహనీయుడు గోవావాసి సెబస్తియావు రొదోల్ఫు దాల్గాదు. 1855లో జన్మించి 1922లో గతించినాడు. మతగురువు, సంస్కృత పండితుడు. హితోపదేశమును పోర్చుగీసులోనికి అనువదించినాడు. లిస్బనులో సంస్కృతము బోధించినాడు. పోర్చుగీసు మాటలు ఆసియా భాషలలో ఎట్లు చేరినవో చూపుచు 1913లో ఒక గ్రంథము ప్రకటించినాడు. సుమారు ఏబది భాషల నుండి మాటలు ఏరినాడు. అందు మన తెలుగును కలదు. కడపటి ఏండ్లలో మధుమేహముచే కాళ్లు కోల్పోయి, కుర్చీలో కూర్చుండియే తన పని సాగించినాడు. ఆ గ్రంథము 1936లో బరోడా నుండి ఆంగ్లమున వచ్చినది. తెలుగు మాటలకు సంబంధించినంతవరకు దానిని సరిచూచి, పెంచి వ్రాయవలసిన పని ఒక తెలుగు పరిశోధకునికై కాచుకొని యున్నదని మా అభిప్రాయము. నెల్లూరి మాండలికము, గోదావరి మాండలికము, పడవవారి మాటలు, వలవారి మాటలు దాల్గాదు చెవిని పడియుండవు గదా.

మాటలతోపాటు మొక్కలును వచ్చినవి. బొప్పాయిని మన జిల్లాలలో కొందరు పరంగికాయ అందురు. పరంగివాడు తెచ్చినదని ఆ పేరే చెప్పుచున్నది. అనాస అను పేరు బ్రెజిలు అడవులలోని తూపీ జాతివారి మాట. బుడతకీచుల నోట మన వరకు నడచి వచ్చినది. జీడిమామిడియు అక్కడిదే. నేడు మోరి, పలాస జీడిపప్పు ఒలుచుకొని బ్రదుకుచున్నవి. మిరపకాయయు అమెరికా ఖండముదే. పల్నాటి జొన్నకూటిని తిట్టుకొన్న శ్రీనాథుడు మిరపకాయను ఎరుగడు. ఆయన నాటి కారము మిరియము, అల్లము. మిరియపు పేరునే కొత్తకాయకు తగిలించి మనవారు మిరపకాయ అన్నారు. పొగాకును అంతే. గోదావరి లంకలలో పండు పొగాకు తాతలనాటిదని మనమనుకొందుము గాని, పదునారవ శతాబ్దమునకు పూర్వపు తాతలు దానిని చూచియుండరు. ఇందులో ఒక తమాషా ఉన్నది. పొగాకు వారు తెచ్చిరి. దానిని చుట్టు విద్యకు పేరు ఇక్కడనుండి పట్టుకొనిపోయిరి. మన చుట్టకు తోబుట్టువైన తమిళపు సురుట్టు పోర్చుగీసున షరూతు అయి కూర్చున్నది.

ఇంతవరకు చెప్పినది వినోదము. ఇక అసలు సంగతికి వత్తము.

శ్రీకృష్ణదేవరాయల రూపమెట్టిదో మనకెట్లు తెలిసినది? ఆయన ఆస్థానమున ఎందరో మహాకవులుండిరి. వారు చంద్రుని, మన్మథుని చెప్పి ఊరకుండిరి. రాయలు నడుమ పొడవువాడు, ఛాయగలవాడు, మంచి కట్టుగలవాడు, ముఖమున స్ఫోటకపు మచ్చలు కలవు అని చెప్పినవాడు డొమింగో పేస్ అను బుడతకీచు. తెల్లవారకముందే రాయలు నువ్వులనూనె త్రాగి, ఒడలికి పట్టించుకొని, కత్తి సాము, మల్లయుద్ధము చేసి, గుఱ్ఱమెక్కి స్వారికి పోవునని కూడ అతడే వ్రాసినాడు. మహర్నవమి ఉత్సవముల వర్ణన అతనిదే. 1520 ప్రాంతమున అతడు విజయనగరము చూచినాడు. తరువాత 1535 మొదలు 1537 వరకు అక్కడ నివసించిన ఫెర్నాఁవు న్యూనిజ్ అను గుఱ్ఱపు వర్తకుడు ఆ రాజ్యపు చరిత్ర వ్రాసినాడు. రాయచూరు యుద్ధమున పోర్చుగీసు తుపాకివారు రాయల పక్షమున నిలిచిన సంగతి అందులోనిదే.

గుఱ్ఱముల బేరము ఆనాడు చిన్న విషయము కాదు. గోవా 1510లో బుడతకీచుల చేజిక్కినది. అరబ్బు గుఱ్ఱములు దిగు రేవు వారి చేతిలో ఉన్నది. దూరద్వీపముల నుండి ఏనుగులను, మేలి గుఱ్ఱములను తెచ్చు వర్తకులను ఆదరించి దగ్గర నిలుపుకొనవలెనని రాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పినాడు. ఆ పద్యములను మనము అలంకారముల కొరకు చదువుదుము. న్యూనిజ్ లెక్కలను ప్రక్కన పెట్టుకొని చదివినచో అది పద్యమే గాక పద్దుపుస్తకముగా కూడ కనబడును.

పేస్, న్యూనిజ్ వ్రాతలు మూడువందల ఏండ్లకు పైగా ఎవరికిని పట్టక పడియుండి, పారిసులోని జాతీయ గ్రంథాలయమున దొరకినవి. దావీద్ లోపెస్ అను పండితుడు వానిని 1897లో లిస్బనున అచ్చు వేయించినాడు. మద్రాసు రాజధానిలో కలెక్టరుగా పనిచేసిన రాబర్టు స్యూయల్ దొర వానిని ఆంగ్లమునకు తెచ్చి, 1900లో తన గ్రంథమున చేర్చినాడు. నాటినుండి నేటివరకు మన చరిత్ర పుస్తకములలో విజయనగరమును గూర్చి పోర్చుగీసువారు చెప్పినారని వచ్చు ప్రతి వాక్యమును చాలవరకు స్యూయల్ గారి వాక్యమే. స్యూయల్ గొప్ప పని చేసినాడు. అందు సందేహము లేదు. కాని ఒక్కటే కిటికీలోనుండి నూటపాతికేండ్లుగా చూచుచుండుట మనకు ఒప్పునా?

ఒక ఉదాహరణము చెప్పెదము. ఇది గోదావరివారికి చెందినది. రాయలు కళింగముపై దండెత్తిన కథను చెప్పుచు న్యూనిజ్ ఊర్ల పేర్లు వ్రాసినాడు. ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి - ఇవి పోల్చుకొనదగిన రూపములలోనే ఉన్నవి. కొండపల్లి పట్టిన పిమ్మట రాయలు ముందుకు సాగి “సిమందరి” అను పెద్ద ఊరు చేరి, అక్కడ ఆరు నెలలు గజపతికై వేచియుండెనని అతడు వ్రాసినాడు. ఈ సిమందరి ఏది? సింహాద్రియా? రాయలు 1516లో సింహాచలమునకు వచ్చినట్లు అక్కడి శాసనమే చెప్పుచున్నది. లేక రాజమహేంద్రవరమా? ఆ దండయాత్రలో రాయలు రాజమహేంద్రవరమును కూడ జయించినాడు. చెవికి విని చూడుడు: తల సింహాద్రివైపు పోవుచున్నది, తోక మహేంద్రివైపు వచ్చుచున్నది. ఆనాటి బుడతకీచుల లేఖనములో మకారము పెక్కుచోట్ల కేవలము ముక్కుతో పలుకుటకు గుర్తు. దానిని పూర్తి మకారముగా పలుకరాదు. ఒక వ్రాయసగాడు మరియొకని ప్రతిని చూచి వ్రాయునప్పుడు అక్షరములు తారుమారగుట కద్దు. మూలప్రతిని చూచి, అదే వ్రాయసగాడు తెలిసిన ఊర్ల పేర్లను ఎట్లు వ్రాసెనో పోల్చి, ఇక్కడి దారులు, నదీరేవులు ఎరిగినవాడు మాత్రమే ఈ ముడి విప్పగలడు. విజయనగర సైన్యము ఆరు నెలలు విడిసినది గోదావరి ఒడ్డుననా, విశాఖ తీరముననా అనునది చిన్న ప్రశ్న కాదు. రాజమహేంద్రవరమైనచో, అంత సైన్యమునకు బియ్యము నిడదవోలు ప్రాంతపు పొలములనుండియే పోయియుండును!

పరదేశి వ్రాసినది వేదవాక్కని మేము చెప్పుట లేదు. నిడదవోలువారికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణము కలదు. మోటుపల్లి రేవును గూర్చి వ్రాసిన మార్కోపోలో అక్కడి రాణి గొప్ప వివేకవతియని మెచ్చుకొని, ఆమె గతించిన రాజుగారి భార్య అని వ్రాసినాడు. మనకు తెలిసినంతవరకు రుద్రమదేవి గణపతిదేవుని కూతురు. ఆమె భర్త వీరభద్రుడు నిరవద్యప్రోలును ఏలిన చాళుక్యుల వంశపువాడు. నిరవద్యప్రోలనగా నేటి నిడదవోలు. కూతురిని భార్యగా వ్రాసిన ఆ యాత్రికుని దిద్దినది మన శాసనములే. పరదేశి కన్ను ఒకటి, మన శాసనము ఒకటి. రెండును చదువగలవాడు కావలెను. ఇంగిలీషు పుస్తకములు ఎత్తివ్రాయుట ఆ పని కాదు.

విశ్వవిద్యాలయమున ఈ భాష చదువుట ఎట్లుండును? మొదటి ఆరునెలలు ముక్కుతోనే గడచును. పోర్చుగీసున అచ్చుపై చిన్న అలవంటి గీత గీయుదురు. తిల్ అని దాని పేరు. మాఁవు అనగా చేయి, పాఁవు అనగా రొట్టె. లాటినులో అక్కడ నకారముండెడిది. కాలక్రమమున అది కరగి, ముక్కుపలుకు మాత్రము మిగిలినది. శ్రోతలలో పెద్దవారికి ఈ సరికి అరసున్న జ్ఞప్తికి వచ్చియుండును. వాఁడు, వీఁడు, తెలుఁగు - మన అరసున్నయు కరగిన నకారపు జాడయే. మనము పలుకుట మానివేసి, గుర్తును కొన్నాళ్లు ఉంచుకొని, దానినిగూడ వదలివేసితిమి. వారు ఇంకను పలుకుచున్నారు. అరసున్నలు తప్పినందుకు పంతులుగారిచే మొట్టికాయలు తిన్న తరమువాడు పోర్చుగీసు తరగతిలో మొదటి బల్లపై కూర్చుండదగును.

మరియొకటి. ఇంగిలీషున ఒక్క “ఈజ్” తో సరిపెట్టుచోట వీరికి రెండు క్రియలున్నవి: సేర్, ఎస్తార్. మనిషి స్వభావము చెప్పుటకు ఒకటి, ప్రస్తుతపు స్థితి చెప్పుటకు ఒకటి. ఇంగిలీషువాడు దీనిని నేర్చుటకు తల పట్టుకొనును. మనకు ఆ బాధ లేదు. “అతడు రోగి” అన్నచోట క్రియయే లేదు. “అతడు రోగముతో ఉన్నాడు” అన్నచోట క్రియ వచ్చినది. ఈ భేదము మన నోట పుట్టుకతోనే ఉన్నది. గౌరవవాచకముల సంగతియు అట్టిదే. ఎదుటనున్న పెద్దమనిషిని “అయ్యగారు కాఫీ తీసికొందురా?” అని, అక్కడ లేనివానిని గూర్చి అడిగినట్లు అడుగు మర్యాద మనకున్నది. లిస్బనులో నేటికిని అట్లే అడుగుదురు. కావున పోర్చుగీసును ఇంగిలీషు గుండా గాక తెలుగు గుండా నేర్చుకొన్నచో త్వరగా వచ్చునని మా దృఢాభిప్రాయము. అట్టి వ్యాకరణము తెలుగున ఎవరైన వ్రాయవలెను.

సౌదాద్ అను మాట ఒకటున్నది. లోకమున మరి ఏ భాషలోను దానికి సాటి లేదని వారి గర్వము. మేము అంగీకరింపము. పట్నపు హాస్టలులో మొదటి వారము మన పిల్లవానికి కలుగునట్టిది, అమ్మ చేతి గిన్నె తలచుకొన్నప్పుడు గొంతున పడునట్టిది - దానిని బెంగ అందుము.

సాహిత్యమున పెద్దదిక్కు లూయీస్ ద కమోయింశ్. ఆయన మహాకావ్యము “ఉస్ లుజీయదస్” 1572లో అచ్చయినది. పది సర్గలు, 1102 పద్యములు, ఒక్కొక్కటి ఎనిమిదేసి పాదములు. కథానాయకుడు వాస్కోడగామా, గమ్యము మన దేశము. కవి గోవాలో ఏండ్ల తరబడి ఉన్నాడు. మన తీరమును ఆక్రమింపవచ్చినవానిని వీరునిగా కీర్తించిన కావ్యమును మనమేల చదువవలెనని అడుగవచ్చును. నాలుగవ సర్గలో ఓడలు బయలుదేరునప్పుడు రేవున ఒక ముసలివాడు నిలిచి, పేరాసతోడను కీర్తికాంక్షతోడను పరుల భూములకు పోవుచున్నారని ఆ వీరులను ఎలుగెత్తి నిందించును. రాజునకు అంకితమిచ్చిన కావ్యమున ఆ ముసలివానికి చోటిచ్చిన కవిని మేము గౌరవింతుము. తక్కిన భాగమున దేవతల సందడి మితిమీరినదని కూడ చెప్పక తప్పదు.

ఇరువదవ శతాబ్దమున ఫెర్నాందు పెసోవ అను విచిత్రకవి వెలసినాడు. మనవారు మారుపేర్లతో వ్రాయుట కద్దు. ఆయన మారుపేర్లకు పుట్టినతేదీలు, వృత్తులు, వేర్వేరు శైలులు, ఒకరితోనొకరికి వాదములు కూడ కల్పించినాడు. ఒకే మనిషి ఒక కవిసమ్మేళనము! బ్రెజిలులో మషాదు ద అసీస్ మాకు మిక్కిలి ప్రియుడు. బానిసత్వమునుండి విముక్తులైనవారి మనుమడు. కళాశాల మెట్టు ఎక్కినవాడు కాడు. 1897లో వెలసిన బ్రెజిలు సాహిత్య పరిషత్తునకు తొలి అధ్యక్షుడైనాడు. 1899లో వచ్చిన ఆయన నవల “దోఁ కజ్‌ముర్రు” అనుమానపు భర్త తన కథను తానే చెప్పుకొనుట. భార్య తప్పు చేసెనా లేదా అనునది నూరేండ్లకు పైగా పాఠకులు తగవులాడుచున్నారు. సెసీలియా మెయిరెలెస్ అను బ్రెజిలు కవయిత్రి 1953లో భారతదేశమునకు వచ్చి, ఇక్కడి దృశ్యములపై ఒక కవితాసంపుటమే వ్రాసినది. జుజె సరమాగు 1998లో నోబెలు బహుమతి పొందినాడు. చదువబోవువారు మొదట మషాదును పట్టుట మేలు. వాక్యములు పొట్టివి, హాస్యము లోతైనది.

పాలించినవాని భాష మనకెందుకను మాటను త్రోసివేయరాదు. గోవాలో మతవిచారణ సభ 1560లో మొదలై 1812 వరకు, నడుమ కొలది విరామముతో, సాగినది. గుడులు కూలినవి, కొంకణి భాషపై ఆంక్షలు పడినవి. ఇవి చరిత్రలో ఉన్న విషయములు, దాచదగినవి కావు. కాని ఆ పాలనను ఎదిరించినవారును ఆ భాషలోనే వ్రాసినారు. అదెయొదాతు బర్రెతు అను గోవా యువకుడు కోయింబ్ర విశ్వవిద్యాలయమున చదువుచు 1928లో “నవభారతము” అను అర్థముగల పత్రికను పోర్చుగీసులో నడపినాడు. హిందూ నాగరికతపై ఆ భాషలోనే గ్రంథము వ్రాసినాడు. 1937లో, ముప్పదిరెండేండ్లు నిండకమునుపో నిండిన కొలదికో, కన్నుమూసినాడు. ఆఫ్రికాలో మొజాంబీకు, అంగోలా 1975లో స్వతంత్రములై, ఆ భాషను తమ ప్రభుత్వ భాషగా ఉంచుకొన్నవి. మొజాంబీకు రచయిత మియా కోతు 2013లో ఆ భాషకంతటికిని గొప్పదైన కమోయింశ్ బహుమతి గైకొన్నాడు. ఇంగిలీషును మనమేమి చేసితిమో వారు పోర్చుగీసును అదియే చేసినారు. పైగా, నేరము చేసినవాని దస్తావేజులు చదువనిదే ఆ నేరము నిరూపింపబడదు. గోవా దస్తావేజుల భాండారము 1595లో ఏర్పడినది. ఋతుపవనములతో బయలుదేరు ఓడలలో లిస్బనుకును గోవాకును నడచిన ఉత్తరములు అక్కడ సంపుటములు సంపుటములుగా ఉన్నవి. కోరమండల తీరపు సంగతులు, మచిలీపట్నపు వర్తకము వానిలో కలవు. తెలుగు పేర్లను గుర్తుపట్టగల కన్ను వానిపై ఎన్నడో గాని పడలేదు.

ఇక తండ్రిగారి ప్రశ్న: కూడు పెట్టునా?

ఉద్యోగములు కుప్పలుగా లేవు. ఈ మాట ముందే చెప్పుట ధర్మము. ఇంజనీరుకున్నన్ని తలుపులు ఈ చదువునకు తెరువబడవు. కాని మూసినవియు కావు. పోర్చుగలు జనాభా సుమారు ఒక కోటి; బ్రెజిలు జనాభా ఇరువది కోట్లు దాటినది. హైదరాబాదున తయారగు మందులు బ్రెజిలునకు ఎగుమతియగుచున్నవి. అక్కడి ఔషధనియంత్రణ సంస్థకు సమర్పింపవలసిన కాగితములు, సీసాపై చీటీలు పోర్చుగీసున ఉండవలెను. ఆ అనువాదములు చేయువారు కావలెను. అధ్యాపకత్వము, పరిశోధన, రాయబార కార్యాలయములు, విమానయానము - వీనిలో ఒక్కొక్క చోటు దొరకును. భాషతోపాటు చరిత్రగాని, వర్తకముగాని, రసాయనముగాని చేతనున్నవానికి త్వరగా దొరకును. భాష ఒక్కటే ఉన్నవానికి ఆలస్యమగును.

బ్రెజిలు మాట వచ్చినది గనుక మన రైతులు వినదగిన ముచ్చట ఒకటి చెప్పెదము. ఆ దేశమున మాంసమునకై పెంచు పశువులలో అధిక భాగము “నెలోరి” జాతివి. నెలోరి అనగా మన నెల్లూరు. ఆ పశువులు మన ఒంగోలు జాతివి. ఒంగోలు ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉండెడిది; 1904లో గదా వేరుపడినది. పందొమ్మిదవ శతాబ్దమున మొదలైన ఆ రవాణా 1960 మొదలు 1962 వరకు జరిగిన పెద్ద కొనుగోళ్లతో ముగిసినది. ఆ కడపటి విడుదల పోయిన ఆబోతులలో ఒకదాని పేరు కర్వాది. ఒంగోలు ప్రక్కనున్న కరవది గ్రామపు పేరే దానికి పెట్టిరి. దాని సంతతి నేడు ఆ దేశమంతట ఉన్నది. వియాతినా-19 అను నెలోరి ఆవులో కొంత వాటా 2023లో అమ్మగా, ఆ ధరనుబట్టి ఆవు వెల నలువది లక్షల డాలర్లకు మించెనని లెక్కగట్టి గిన్నిస్ పుస్తకమున ఎక్కించిరి. అమ్మిన విధమేదందురా? లెయిలాఁవు - మన వేలముపాటయే. ఆ దేశమున ఈ జాతి వంశావళులు, పోషణశాస్త్రము, పరిశోధనలు గ్రంథములు గ్రంథములుగా పోర్చుగీసున వ్రాయబడియున్నవి. ఊబెరాబ పట్టణమున ఈ మూపురపు పశువులకు ఒక ప్రదర్శనశాలయే ఉన్నది. పశువు మనది, దానిని గూర్చిన విద్య మనము చదువలేని భాషలో ఉన్నది. పశువైద్య విద్యార్థులలో ఒక్కరైన ఈ భాష నేర్చినచో ఒంగోలు జాతికి జరుగు మేలు ఇంతింతయనరాదు.

చదువుచోట్ల సంగతి క్లుప్తముగా చెప్పెదము. గోవా విశ్వవిద్యాలయమున ఈ భాషాసాహిత్యములందు ఎం.ఏ. కలదు. ఢిల్లీ విశ్వవిద్యాలయమున, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున బోధన కలదు. హైదరాబాదునందలి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున స్పానిషు చదివినవానికి పోర్చుగీసు ప్రక్కయింటి భాష. కోయింబ్రలో, లిస్బనులో విదేశీయులకై ప్రత్యేక శిక్షణ కలదు. పోర్చుగలు ప్రభుత్వపు కమోయింశ్ సంస్థ విద్యార్థి వేతనములు ఇచ్చుచుండును. సామర్థ్యమును ఎ1 నుండి సి2 వరకు ఆరు మెట్లుగా కొలుతురు. మొదటి రెండు మెట్లు ఇంటివద్దనే ఎక్కి, పిమ్మట ఎం.ఏ.కు దరఖాస్తు చేయుట ఉత్తమము. అట్లు చేసినచో, పిల్లవానికి ఈ భాష పట్టుబడునో లేదో తండ్రిగారికి పెద్ద ఖర్చు కాకమునుపే తెలిసిపోవును. ఒక సంవత్సరము గడువు పెట్టుడు. నాన్నగారూ, ఇది మీతో మేము చేయు మనవి. ఆ సంవత్సరమున ప్రతిదినము ఒక గంట. రెండవ మెట్టు దాటనిచో వేరు మార్గము చూడవచ్చును, దాటినచో పంపివేయుడు.

ప్రయాణమునకు కష్టము లేదు. రాజమహేంద్రవరమున అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు గుంటూరు, హుబ్బళ్లి మీదుగా పోయి, వాస్కోడగామా అను పేరుగల స్టేషనులోనే దిగును. అక్కడనుండి పణజి పోయి, 1832లో వెలసిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమును చూడవలెను. పాత పోర్చుగీసు గ్రంథముల భాండారము అది. దావీద్ లోపెస్ 1897లో అచ్చువేయించిన ప్రతిని అడిగి తీసికొని, కళింగ దండయాత్ర ఉన్న పుటలు తెరచి, ఆ సిమందరిని మొదట చదువుమని మన నిడదవోలు చిరంజీవికి చెప్పుచున్నాము. ఏ అక్షరము తరువాత ఏ అక్షరమున్నదో కాగితముపై ఎత్తివ్రాసికొని మాకు పంపినచో సంతోషింతుము.